ఇంజినీరు గారి కుక్క

గుణదల కొండకు కాస్త ఇవతల, ఏలూరు కాలవకు కాస్త అవతల ఉన్న ఒక బళ్లో పిల్లలందరికీ తండ్రి ఒక్కడే. కంగారు పడకండి, ఇది ఫ్రెంచి క్లాసు వరకే. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎవరి నాన్న వాళ్లకున్నాడు. ఫ్రెంచిలోకి అడుగు పెట్టేసరికి మాత్రం అందరి నాన్నా ఇంజినీరే. అందరి అమ్మా కేకులు చేస్తుంది. అందరిదీ నది ఒడ్డున తెల్లటి ఇల్లు, చలికాలం వస్తే ఆ ఇంటి కప్పు మీద మంచు కురుస్తుంది. అందరి బామ్మా పల్లెటూళ్లో పొయ్యి పక్కన కూర్చుని స్వెట్టర్లు అల్లుతుంది. అందరికీ టోటో అనే కుక్క ఉంది.

ఏ కాలంలోనో ఒక పిల్లవాడు ‘మా కుటుంబం’ అని ఈ వ్యాసం అప్పజెప్పి నూటికి నూరు కొట్టాట్ట. అంతే, అప్పటి నుంచీ అది పెద్ద పిల్లల నోటి నుంచి చిన్న పిల్లల నోటికి నడిచి వస్తోంది. టోటో పేరు చెప్పి పాసైన వాళ్లు ఇవాళ బ్యాంకు మేనేజర్లయ్యారు, డాక్టర్లయ్యారు, ఒకాయనకి గుండె ఆపరేషను కూడా అయింది. టోటో మాత్రం ఇంకా కుర్రకుక్కే. కుక్కల్లో అంత ఆయుష్షు ధర్మరాజు వెంట వెళ్లినదానికి కూడా ఉండి ఉండదు.

హేమ ఆ బళ్లో ఎనిమిదో తరగతి. కిందటేడు దాకా కొల్లేటి లంకలో తెలుగు మీడియం చదువు. నాన్న గణేష్‌కి చేపల వ్యాను మీద డ్రైవరు పని దొరికింది. కైకలూరు చెరువుల్లో పట్టిన చేపల్ని హనుమాన్ జంక్షన్ మీదుగా బెజవాడ చేర్చే వ్యాను అది. దాంతో ఇంటిల్లిపాదీ గుణదల వచ్చేశారు. అమ్మ తిరుమల ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. నాన్నమ్మ పేరమ్మ కాలవ వంతెన పక్కన చేపల బల్ల పెట్టింది. బడి హాస్టలుకి శుక్రవారం చేపలు పేరమ్మవే. ఆ పరిచయంతోనే మనవరాలికి సీటు సంపాదించింది. ఎలా ఇచ్చారని అడిగితే హెడ్ మేడమ్ గారు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు. “ఆవిడ మాట్లాడ్డం మొదలుపెట్టింది, ఆపేసరికి నేను సంతకం పెట్టేసి ఉన్నాను” అంటుంది.

సీటైతే వచ్చింది గాని, ఇంగ్లీషు క్లాసులో హేమ నోరు విప్పితే వెనక బెంచీల్లో దగ్గులు మొదలయ్యేవి. అవి జలుబు దగ్గులు కావు. జయదేవ్ అని ఒక కుర్రాడున్నాడు. మొగల్రాజపురంలో ఇల్లు, ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషులోనే తుమ్మే రకం. అందరికంటే గట్టి దగ్గు వాడిది. మూడో భాషగా హిందీ గాని ఫ్రెంచి గాని తీసుకోవాలి. హిందీలో బల్లకీ కుర్చీకీ కూడా ఆడ మగ తేడా ఉంటుందని తెలిసిన రోజున హేమకి జ్వరం వచ్చింది. ఫ్రెంచిలోనూ ఆ పీడ ఉంది గాని, అక్కడ క్లాసంతటికీ ఒకేసారి జ్వరం వచ్చింది. అదే హేమకి నచ్చింది. ఫ్రెంచి ముందు జయదేవూ సున్నాయే, తనూ సున్నాయే. పైగా మొదటి రోజే నాగవల్లి మిస్ వచ్చి, “ఫ్రెంచి ‘ర’ నాలుకతో కాదర్రా, గొంతు లోపల్నించి రావాలి” అంటే జయదేవ్ మూడు రకాలుగా పుక్కిలించి ఓడిపోయాడు. హేమ ఒక్క దెబ్బకి పలికింది. కొల్లేటి పిల్లకి గొంతులో దిగిన చేపముల్లు తీసుకునే శబ్దం ఎవరూ నేర్పక్కర్లేదు.

“అది! అలా ఉండాలి! హేమ దగ్గర నేర్చుకోండి” అంది మిస్.

ఆ బడి గోడల మధ్య ఆ మాట హేమకి మొదటిసారి వినబడింది. ఆ రోజు నుంచీ తక్కిన క్లాసుల్లో తల వంచుకుని కూర్చున్నా, ఫ్రెంచి పీరియడు గంట కొట్టగానే వీపు నిటారుగా అయ్యేది.

అటువంటిది, మార్చి నెలలో, కృష్ణలో చేపలు ఈదుతూనే సగం ఉడికిపోయేంత ఎండలో, మిస్ ఒక పిడుగులాంటి కబురు తెచ్చింది.

“ఈ ఏడు పద్ధతి మారింది. నోటి పరీక్షకి బయటి నుంచి ఒక సారు వస్తున్నారు. తొమ్మిదిలో ఫ్రెంచి సీట్లు కొన్నే, అవి ఆయన ముందు మాట్లాడగలిగిన వాళ్లకే. తక్కిన వాళ్లు హిందీలోకి మారాలి. ఎవరింటి సంగతి వాళ్లు సొంత మాటల్లో చెప్పండి. అర్థమైందా?”

“ఎస్ మిస్” అన్నారు అందరూ. అనేసి, ఇంటికెళ్లి ఇంజినీరు గారి కాళ్లు పట్టుకున్నారు. అది బద్ధకం కాదు, ఆ పిల్లల భక్తి. సొంత మాటల్లో అంటే, పక్కవాడి సాయం లేకుండా బట్టీ పట్టడమని వాళ్లు నిజంగానే అనుకున్నారు.

హేమ కూడా అదే అనుకుంది. పరీక్ష పోతే హిందీ. హిందీలోకి పోతే మళ్లీ వెనక బెంచీ, మళ్లీ దగ్గులు. సాయంత్రం బడి నుంచి వచ్చి, నాన్నమ్మ బల్ల పక్కన ఐసు పెట్టె మీద కూర్చుని, కళ్లు మూసుకుని, తెలుగు అక్షరాల్లో రాసుకున్న ఫ్రెంచి ఊగుతూ వల్లించేది.

“మోఁ పేర్ ఎతాంజేన్యోర్... మోఁ పేర్ ఎతాంజేన్యోర్...”

పేరమ్మ బొచ్చె చేపకి పొలుసు తీస్తూ వింది, వింది, ఇక వినలేకపోయింది. “ఏంటే ఆ సణుగుడు? ఎవరినన్నా తిడతన్నావా?”

“ఫ్రెంచి మామ్మా. పరీక్షకి.”

“తెలుగులో చెప్పు. నా బల్ల కాడ కూచుని ఏం వాగుతున్నావో నాకూ తెలియాలిగా.”

“మా నాన్న ఇంజినీరు.”

బొచ్చె చేతిలోంచి జారి తొట్టిలో పడింది. “ఎవరి నాన్న?”

“మా నాన్నే.”

“గణేషా? ఎప్పుడయ్యాడే! పొద్దున చద్దన్నం తిని ఎల్లేటప్పుడు కూడా నాతో ఒక్క మాట అన్లేదు!”

“నిజంగా కాదు మామ్మా. పాఠం అంతే.”

“సరే, అయితే అయ్యాడు. మరి మీ అమ్మ?”

“కేకులు చేస్తుంది.”

“ఇడ్లీ పిండికి ఏం రోగమొచ్చింది? సర్లే, కానీ.”

“మాకు టోటో అనే కుక్కుంది.”

“ఏం తింటది?”

“ఏమో. పాఠంలో లేదు.”

పేరమ్మ కత్తిపీట మీంచి కాలు తీసి మనవరాలి వైపు తిరిగి కూర్చుంది. “కుక్కని పెంచుతా అది ఏం తింటదో తెలవదంటే నమ్మేదెవరే? ఇదిగో, ఈ శీలావతి చేపుంది. కొనడానికొచ్చినోళ్లు ఏ చెరువుది, ఎప్పుడు పట్టారు, ఐసులో ఎంతసేపుంది అని అడగరా? నేను నోరెళ్లబెడితే కొంటారా? నువ్వు చెప్పేది అబద్ధమైనా సరే, అడిగినదానికి బదులుండాలి. మా మావ చూడు, కొర్రమీను ఒకటి ఆయన పడవని లంక నుంచి లంకకి లాక్కెళ్లిందని చెప్పేవోడు. మధ్యలో ఎక్కడన్నా ఆగిందా అని అడిగితే, ‘ఆగింది, నేను చుట్ట కాల్చుకోవద్దూ’ అనేవోడు. అదీ చెప్పడమంటే!”

“పరీక్షలో అట్టా అడగరు మామ్మా.”

“నేనడుగుతున్నాగా. చేప తలకాయలు తింటదని చెప్పు. తెలుగులో కాదు, ఆ బాసలోనే.”

హేమ ఆలోచించింది. చేప అనే మాట తెలుసు, తల అనే మాట తెలుసు, తినడం తెలుసు. మూడింటినీ ఎలాగో ముడేసి చెప్పింది. చెప్పాక తనే ఆశ్చర్యపోయింది. ఆ వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు.

“ముళ్లు కూడా తింటదా?” అడిగింది పేరమ్మ.

ఇక అక్కణ్నుంచి ప్రతి సాయంత్రం ఇదే వరస. పేరమ్మకి ఫ్రెంచి ముక్క రాదు, హేమ తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా ఆవిడకి ఒకటే. కానీ ప్రశ్న వేసిందంటే బదులు వచ్చేదాకా చేప తూచేది కాదు. కొనడానికొచ్చిన వాళ్లు సంచులు పట్టుకుని నిలబడేవాళ్లు. కొత్తవాళ్లు “ఏంటి పేరమ్మా, పిల్లకి గాలి సోకిందా?” అని భయపడేవాళ్లు. పాతవాళ్లు తామే ప్రశ్నలు వేసేవాళ్లు. రామకోటేశ్వరరావు గారని రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి, చేపలు కొనే పని లేని రోజు కూడా వచ్చి, “ఇంతకీ మన టోటో ఎలా ఉంది?” అని వాకబు చేసేవాడు.

టోటోకి ఏం, బ్రహ్మాండంగా ఉంది. ఒకరోజు హనుమాన్ జంక్షన్‌లో చేపల లారీ ఎక్కి, ఐసు మీద హాయిగా నిద్రపోయి, కలకత్తాలో దిగింది. అక్కడ నుంచి హౌరా మెయిలు పట్టుకుని వెనక్కి వచ్చింది. ఆ రైలు రామకోటేశ్వరరావు గారు ఇప్పించారు. వచ్చిన దగ్గర్నుంచీ బెంగాలీలో మొరుగుతోంది. ఇదంతా హేమ ఫ్రెంచిలో కూడదీసుకుని చెప్పేది. మాట తెలియనిచోట మర్నాడు మిస్‌ని అడిగి తెచ్చుకునేది. “లారీకి ఏమంటారు మిస్? మొరగడానికి ఏమంటారు మిస్?” మిస్ చెప్పేది గాని, ఈ పిల్లకి ఇవన్నీ దేనికో ఆవిడకి అంతు పట్టలేదు.

ఒక్క వాక్యం మాత్రం హేమ నాన్నమ్మకి తెలుగులో చెప్పలేదు. బామ్మ స్వెట్టర్లు అల్లే వాక్యం. అక్కడికొచ్చేసరికి గబగబా మింగేసి కుక్క మీదికి దూకేది. నాన్ననీ అమ్మనీ మార్చేసినా వాళ్లు అక్కడ లేరు. నాన్నమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. చేతుల నిండా పొలుసుతో, “తర్వాత?” అని అడుగుతూ.

పరీక్ష శుక్రవారం పడింది. వచ్చిన సారు పేరు మల్లికార్జునరావు గారు. గుంటూరులో ఏళ్ల తరబడి కాలేజీ పిల్లలకి ఫ్రెంచి చెప్పి రిటైరైన మనిషి. మెత్తటి గొంతు, తెల్ల చొక్కా. లైబ్రరీ గదిలో ఫ్యాను కింద కూర్చుని, పక్కన నాగవల్లి మిస్‌ని కూర్చోబెట్టుకుని, పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచాడు. హేమ వరస చివరాఖర్న ఉంది.

మొదట జయదేవ్ వెళ్లాడు. వెళ్లినంత హుషారుగా రాలేదు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

“ఏమడిగారు?” అందరూ చుట్టుముట్టారు.

“మొత్తం ఒక్క తప్పు లేకుండా చెప్పాను రా. అయిపోయాక, కుక్క ఏం తింటుందన్నాడు.”

“అది లేదుగా!”

“లేదు. అందుకే థాంక్స్ చెప్పినట్టు మెర్సీ అన్నాను. ఏ రంగన్నాడు. మెర్సీ అన్నాను. నీకు ఒంట్లో బాగుందా అన్నాడు. దానికీ మెర్సీయే అన్నాను.”

రెండో వాణ్ని మంచు గురించి అడిగాడు. మూడో అమ్మాయిని ఏం కేకు అని అడిగితే ఏడ్చేసింది. ఒకడు లోపలికెళ్లి ఇంజినీరనే మాట ఎత్తగానే, సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, “మీ ఊళ్లో వేరే వృత్తులేమీ లేవా బాబూ?” అని అచ్చ తెలుగులో అడిగాట్ట. బయటికొచ్చే ప్రతి మొహం ఎండుచేపలా ఉంది.

హేమకి భయం వేసింది గాని, భయం ఒక్కటే కాదు. కుక్క ఏం తింటుందో తనకు తెలుసు. ఆ బళ్లో తనొక్కదానికే తెలుసు.

తన వంతు వచ్చింది. లోపలికెళ్లి బోఁజూర్ అని నమస్కారం చెప్పింది. ఆ ‘ర’ విని సారు తలెత్తాడు. హేమ మొదలుపెట్టింది. ఇంజినీరు, కేకులు, తెల్ల ఇల్లు, మంచు, బామ్మ, టోటో. సారు తల మళ్లీ వాలిపోయింది. కాగితం మీద ఏదో గీస్తూ, ఆవలింత ఆపుకుంటూ, ఫ్రెంచిలో అడిగాడు, “ఏం తింటుంది ఆ కుక్క?”

“చేప తలకాయలు సార్. ముళ్లు తినదు. ముళ్లు పిల్లికి ఇస్తుంది.”

సారు గీయడం ఆపాడు. “పిల్లికా? కుక్కకీ పిల్లికీ స్నేహమా?”

“ఇదివరకు లేదు సార్. కలకత్తా వెళ్లొచ్చాక స్నేహం.”

“కలకత్తా ఎందుకు వెళ్లింది?”

చెప్పింది. లారీ, ఐసు, నిద్ర, హౌరా మెయిలు, బెంగాలీ మొరుగుడు. సారు కళ్లలో నిద్ర ఎగిరిపోయింది. ఆయన అడుగుతున్నాడు, హేమ చెబుతోంది. టిక్కెట్టు ఎవరు కొన్నారంటే, కుక్కకి టిక్కెట్టేమిటి, గార్డు తెలిసినవాడంది. సారు పగలబడి నవ్వాడు. నాగవల్లి మిస్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ లారీకీ మొరగడానికీ మాటలు ఎందుకు అడిగిందో ఆవిడకి ఇప్పుడు తెలిసింది. పరీక్ష గట్టెక్కినట్టే. హేమకి అరికాళ్లు తేలిపోతున్నాయి.

సారు ఇంకా నవ్వుతూనే, మామూలుగా అడిగాడు, “బాగుంది. మరి మీ బామ్మ? ఆవిడ రోజంతా ఏం చేస్తుంటుంది?”

స్వెట్టర్లు అల్లుతుంది. వాక్యం నాలుక మీదే ఉంది. రంగు అడిగితే నీలం, ఎవరికంటే టోటోకి. దానికి కూడా బదులు సిద్ధంగా ఉంది.

సరిగ్గా అప్పుడే కిటికీ బయట, వంటశాల గుమ్మం దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది. శుక్రవారం కదా.

“చచ్చిన చేపా? నా చేపనా? దాని కళ్లు చూడమ్మా ఒకసారి! నీ కంటే చురుగ్గా ఉంది!”

హేమ నోరు తెరిచింది. వాక్యం రాలేదు. మరిచిపోలేదు, ఉంది, అక్కడే ఉంది. నాన్నని ఇంజినీరు చేసింది, లేని కుక్కని కలకత్తా పంపింది, కానీ ఆ గొంతు వింటూ వింటూ ఆ చేతుల్లో ఊలు పెట్టలేకపోయింది.

“నోఁ” అంది ఫ్రెంచిలో. “కాదు సార్. బామ్మ... అల్లదు.”

సారు నవ్వు ఆపాడు. హేమ వేళ్లు మెలిపెట్టుకుంటూ నిలబడింది. ఇక్కణ్నుంచి దారి లేదు. పాఠం లేదు, నాన్నమ్మతో సాధన చేసిన అబద్ధమూ లేదు. ఒక్కొక్క మాటా చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టు వెతుక్కుంది.

“కుక్క లేదు. తెల్ల ఇల్లు లేదు. మా నాన్న... వ్యాను. చేపల వ్యాను నడుపును. మా బామ్మ... చేపలు అమ్మును. చేపలు కోయును...” కత్తిపీటకి ఫ్రెంచిలో మాట లేదు. నేల మీద గొంతుకూర్చుని, కాలితో తొక్కిపెట్టినట్టు పెట్టి, చేతులు ముందుకూ వెనక్కూ ఆడించి చూపించింది. “అట్లా. బామ్మకి ఫ్రెంచి రాదు. ప్రతి సాయంత్రం బామ్మ నన్ను అడుగును. నేను చెప్పును. కుక్కను బామ్మే... చేసినది.”

మగ మాటలకి ఆడ ముక్కలు తగిలించింది. నిన్న జరిగినవి రేపటికి తోసింది. తనకే తెలుస్తోంది, తప్పు మీద తప్పు పడుతోందని. టోటో కథ నూనె పూసినట్టు జారిపోయింది, ఇది మాత్రం మోకాళ్ల మీద పాకుతోంది. అయినా ఆపలేదు. లంక గురించి చెప్పింది. ఇల్లు వదిలి వచ్చిన రోజు పడవలో బామ్మ తన కత్తిపీట ఒళ్లో పెట్టుకుని కూర్చుందని చెప్పింది. ‘ఒడి’కి మాట తెలియక తొడలు తట్టుకుని చూపించింది. చివర “అంతే” అంది.

సారు మిస్ వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

“చూశారామ్మా? ఈ పిల్ల అబద్ధం ఫ్రెంచివాళ్లలా చెప్పింది. నిజం తప్పుల తడకగా చెప్పింది. దేనికి వెయ్యమంటారు మార్కులు?”

మిస్ నేల చూపులు చూసింది. పిల్లలకి సొంత మాటలని చెప్పి, వాళ్లు ఎస్ మిస్ అంటే నమ్మేసింది తనే కదా.

“తప్పుల తడకకే వెయ్యండి సార్” అంది చివరికి. “తప్పులు దిద్దుకోవచ్చు. నేనున్నాగా.”

సారు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో హేమకి కనబడలేదు. “నువ్వెళ్లమ్మా. వెళ్తూ వెళ్తూ బయటివాళ్లందర్నీ మళ్లీ రమ్మను. కుక్కని గేటు బయట కట్టేసి రమ్మన్నానని చెప్పు.”

హేమ చెప్పింది.

“చెప్పేశావా?” అన్నాడు జయదేవ్. “కుక్క లేదని చెప్పేశావా? ఎందుకు చెప్పావ్?”

“మా బామ్మకి స్వెట్టరు అల్లడం రాదు” అంది హేమ.

రెండో విడత పరీక్ష చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకడి నాన్నకి వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు. గిన్నెలకి ఫ్రెంచి మాట రాక, బల్ల మీద ‘ఠంగ్’మని మోగించి చూపించాడు. కేకులమ్మాయి వాళ్లమ్మ లాయరు. ఒకడింట్లో కుక్క కాదు గాని చిలక ఉంది, అది బూతులు తిడుతుంది. ఒక్కొక్కరూ నాలుగేసి ముక్కలే, అన్నీ కుంటి ముక్కలే. కానీ ఆ కుంటి ముక్కలతో, ఏడాదిగా ఒకే గదిలో కూర్చున్న పిల్లలకి ఎవరింట్లో ఎవరున్నారో తెలిసింది. అందరికంటే ఎక్కువ చిక్కులో పడ్డది జయదేవ్.

“మా నాన్న ఇంజినీరు” అన్నాడు.

సారు పెన్ను కింద పడేశాడు. “మళ్లీనా!”

“నిజంగా సార్! మా నాన్న నిజంగానే ఇంజినీరు సార్! కాలవల శాఖ!” అన్నాడు. ఆ తొందరలో అది మొత్తం ఫ్రెంచిలోనే వచ్చింది. రుజువు చూపించమన్నాడు సారు. ఏ కాలవ, ఎన్ని తూములు, నీళ్లు ఎప్పుడు వదులుతారు అని అడిగి చెమటలు పట్టించాడు. గదిలో నిజమైన ఇంజినీరు కొడుకు ఒక్కడే, వాడినే ఎవరూ నమ్మలేదు. వెనక నిలబడ్డ హేమకి దగ్గు వచ్చింది. జలుబు దగ్గు కాదు.

ఫలితం వెంటనే చెప్పలేదు. శనివారమంతా హేమకి అన్నం సయించలేదు. నాన్నమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పింది, ఇన్నాళ్లూ మింగిన వాక్యంతో సహా. పేరమ్మకి కోపమైతే వచ్చింది గాని, దేనికొచ్చిందో చూడండి.

“కుక్క లేదని చెప్పేశావా? ఏమే, నీకేం పోయేకాలం! రామకోటేశ్వరరావు గారికి నేనేం మొహం పెట్టుకుని చెప్పాలి? మొన్ననేగా దానికి పెళ్లి కుదిర్చాం!”

“ఆ పాఠం నిన్ను పల్లెటూళ్లో కూచోబెట్టి ఊలు అల్లించమంటోంది మామ్మా.”

“అల్లితే అల్లేదాన్ని. పోయేదేముంది?” అంది పేరమ్మ. అని, కాసేపటికి గొంతు తగ్గించి, “అయినా బాగానే చేశావులే. నాకు ఉక్క” అంది.

ఆదివారం పొద్దున, చేపల జనం కిటకిటలాడే వేళ, నాగవల్లి మిస్ సంచి పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. హేమ ఐసు పెట్టె వెనక్కి నక్కింది. పేరమ్మ అడగాలనుకున్నది అడగలేక, పెద్ద కొర్రమీను ఒకటి తీసి మిస్ సంచిలో వేయబోయింది.

“వద్దండీ పేరమ్మ గారూ! మీరిట్లా చేస్తే, చేప తీసుకుని పాస్ చేశానంటారు.”

“అంటే... పాసా?”

“అత్తెసరు మార్కులు” అంది మిస్ నవ్వుతూ. “ఆఖరి సీటు. కానీ సీటు సీటే. ఏదీ, ఎక్కడ దాక్కుంది? హేమా! తొమ్మిదిలో రోజూ క్లాసయ్యాక నా దగ్గర కూర్చోవాలి. ఆ ఆడ మగ గొడవ మనం తేల్చుకుందాం.”

హేమ లేచి నిలబడింది. గొంతులోంచి ఆ ‘ర’ ఒక్కటే బాగా వచ్చేలా మెర్సీ అంది. మిస్ సంచిలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చింది. వచ్చే ఏటి పాఠాలు. సెలవుల్లో ఊరికే చూస్తూ ఉండమంది. తర్వాత పేరమ్మతో శీలావతికి బేరమాడి, ఓడిపోయి, వెళ్లిపోయింది.

జనం పలచబడ్డాక హేమ పుస్తకం తెరిచింది. బొమ్మలో ఒక బజారు. గొడుగు వేసిన బల్ల, బల్ల మీద చేపలు, ఒకావిడ తోలు సంచితో నిలబడి ఉంది.

“చేపలేనా అవి? ఇట్టా తే” పేరమ్మ తడి చేయి చీరకి తుడుచుకుని వంగి చూసింది. “ఏమంటందే ఆవిడ?”

“ఈ చేప ఎంత అంటోంది. అమ్మే ఆయన రేటు చెప్పాడు. ఆవిడ డబ్బిచ్చి, మెర్సీ అంది.”

“తర్వాత?”

“అంతే. వెళ్లిపోయింది.”

“బేరమాడలేదా?”

“లేదు.”

“మొప్పలు ఎత్తి చూడలేదా? నొక్కి చూడలేదా? ఎప్పటి సరుకని అడగలేదా?”

“లేదు మామ్మా.”

పేరమ్మ ఆ బొమ్మలో ఆవిడ వంక జాలిగా చూసింది. “పాపం, ఎవరూ లేరల్లే ఉంది ఆ మనిషికి, చెప్పేవాళ్లు” అంది. “ఆవిణ్ని వెనక్కి పిలు. పిలిచి, సగానికి అడగమను.”

హేమ పెన్సిలు తీసింది. సగం తెలుసు. అడగడం తెలుసు. మొప్పలకి ఏమంటారో తెలియదు. సోమవారం మిస్‌ని అడగాలి. ఈలోపు, బొమ్మలో ఆవిణ్ని ఎలా పిలిస్తే వెనక్కి తిరుగుతుందా అని ఆలోచించి, “మదామ్!” అని మొదలుపెట్టింది.